ఏ ఓడ, ఏ గది, ఏ పని? – ఆస్బెస్టాస్ క్యాన్సర్ వచ్చిన మాజీ సైనికుల గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, నాకంటే చిన్నవాళ్లు, ఇప్పుడిప్పుడే రెసిడెన్సీలో చేరినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో వైద్యం చేస్తున్న ఇంతమంది తెలుగు డాక్టర్లు, నర్సులు ఒక్కచోట దొరికారు కాబట్టి ఇవాళ మందుల గురించి తక్కువ మాట్లాడతాను. మనం చార్టులో రాసే ఒక్క వాక్యం గురించి ఎక్కువ మాట్లాడతాను. ఆ వాక్యం రాయకపోతే ఏమవుతుందో నా చేతుల మీదుగానే జరిగింది, ముందు అదే చెప్తాను.

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. మా ఊళ్లో నేవీలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. ప్రాక్టీసు పెట్టిన మొదటి రోజుల్లో ఒక పెద్దాయన ఆయాసంతో వచ్చారు. డెబ్బై దాటాయి. కుడివైపు నీరు చేరింది. లీటరున్నర తీశాం. తేలిగ్గా ఉందని దండం పెట్టినంత పని చేసి వెళ్లారు. మూడు వారాలకు మళ్లీ నిండింది. ఏం పని చేసేవారని అడిగితే హార్డ్‌వేర్ షాపు నడిపానన్నారు. అదే రాసుకున్నాను. అంతకు ముందు ఏం చేసేవారని అడగలేదు. బయాప్సీలో మీసోథీలియోమా, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్ అని వచ్చింది. అప్పుడు పక్కన కూర్చున్న వాళ్లావిడ అన్నారు: "పెళ్లికి ముందు ఈయన డిస్ట్రాయర్ మీద నాలుగేళ్లు బాయిలర్ గదిలో పనిచేశారండీ, అదేమైనా సంబంధమా?"

సంబంధమా అంటే... ఉన్నదంతా ఆ సంబంధమే.

ఆ రోజు ఆయన చాలాసేపు మాట్లాడారు. తాను పడుకునే బంకు పైనుంచే ఆవిరి పైపు వెళ్లేదట. దాని చుట్టూ తెల్లటి మందపాటి తొడుగు. ఓడ మీది ఫిరంగులు పేలినప్పుడల్లా ఆ తొడుగులోంచి పొడి రాలి దుప్పటి మీద పడేదట. పొద్దున్నే లేచి దుప్పటి దులుపుకునేవాళ్లు. ఇక పనిలో, పైపుల అతుకుల మధ్య ఆవిరి కారకుండా పెట్టే పాత గాస్కెట్ ఎండి ఇనుముకు అంటుకుపోయేది. దాన్ని వైరు బ్రష్‌తో గీకి, మిగిలిన పొడిని నోటితో ఊదేసేవాళ్లు. ఎలా ఊదేవాళ్లో చూపించబోయి ఆయన పెదాలు ముడిచారు. ఊపిరి అందలేదు. చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది.

తర్వాత మాజీ సైనికుల సంగతులు చూసే ప్రభుత్వ శాఖ వెటరన్స్ అఫైర్స్‌కి, అదే వీఏకి, క్లెయిమ్ వేస్తామంటే నేను ఉత్తరం రాసిచ్చాను. "గతంలో ఆస్బెస్టాస్ తగిలి ఉండవచ్చు, జబ్బుకు అది కారణం కావచ్చు" అని. జాగ్రత్తగా రాశాననుకున్నాను. ఆ "ఉండవచ్చు", "కావచ్చు" చాలవని క్లెయిమ్ తిరస్కరించారు. నా రెండో ఉత్తరం సిద్ధమయ్యేలోపే ఆయన పోయారు. భార్యకు రావలసింది చివరికి వచ్చింది. కానీ బతికుండగా ఆయన చేతికి అందాల్సిన డబ్బు ఒక్క నెల కూడా అందలేదు.

మన భాషలో ఆస్బెస్టాస్‌ని రాతినార అంటారు. ఎవరు పెట్టారో గాని ఆ పేరులోనే విషయమంతా ఉంది. రాయే, కాని నారలా పీచుపీచుగా విడిపోతుంది. కాలదు, వేడిని దాటనివ్వదు, దానిలో కొన్ని రకాలు ఆమ్లాలకూ లొంగవు. ఇనుప పెట్టెలాంటి యుద్ధనౌకలో వందల డిగ్రీల ఆవిరి పరుగెత్తుతుంటే, నిప్పంటుకుంటే చాలు ఓడంతా పోయే చోట, ఇంతకంటే మంచి సరుకేముంటుంది? 1930ల నుంచి 1970ల దాకా అమెరికా నౌకాదళం దాన్ని బాయిలర్ల మీద, టర్బైన్ల మీద, పంపుల్లో, వాల్వుల్లో, పైపుల మీద, గోడల్లో, నేల పలకల్లో వాడింది. ఓడలు కట్టిన, మరమ్మతు చేసిన బ్రూక్లిన్, నార్ఫోక్, ఫిలడెల్ఫియా, మేర్ ఐలాండ్, ప్యూజెట్ సౌండ్ యార్డుల్లో ఇంకా ఎక్కువ. ఒక్క నేవీయే కాదు. ఆర్మీ ట్రక్కుల బ్రేకులు, క్లచ్చులు, విమానాల బ్రేకులు, పాత బ్యారక్‌ల గోడలు, వాటిని కూల్చిన ఇంజనీరింగ్ దళాలు, అన్నిచోట్లా ఈ పీచు ఉంది. కాని ఓడ కింది అంతస్తుల్లో గాలి బయటికి పోయే దారి తక్కువ. అందుకే బాయిలర్ టెక్నీషియన్లు, మెషినిస్ట్ మేట్లు, పైపు ఫిట్టర్లు అందరికంటే ఎక్కువ పీల్చారు.

తెలియక చేశారా అంటే, పూర్తిగా తెలియకా కాదు. 1941 మార్చిలో నేవీ వైద్య విభాగంలోని కమాండర్ స్టీఫెన్‌సన్ తన పై అధికారికి రాసిన లేఖ ఉంది. ఆస్బెస్టాస్ పని చాలా జరుగుతోంది, ఆ మనుషుల్ని కాపాడవలసినంతగా మనం కాపాడటం లేదు అని అందులో స్పష్టంగా రాశాడు. అది యుద్ధం ముంచుకొస్తున్న కాలం. ఓడలు కావాలి, త్వరగా కావాలి.

1946లో వచ్చిన ఒక సర్వే గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. డాక్టర్లుగా మనమంతా గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది. షిప్‌యార్డుల్లో పైపులకు తొడుగు వేసే 1,074 మందిని పరీక్షించారు. ఆస్బెస్టోసిస్, అంటే ఈ పీచు పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, ముగ్గురికే కనిపించింది. దాంతో ఇది ప్రమాదకరమైన పని కాదని తేల్చారు. కాని అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. పరీక్షించినవాళ్లలో సుమారు 95 శాతం మంది ఆ పనిలో చేరి పదేళ్లయినా కాలేదు. జబ్బు దొరికిన ఆ ముగ్గురూ ఇరవై ఏళ్లు దాటినవాళ్లు! విత్తు నాటిన మర్నాడు వచ్చి చేనంతా చూసి, ఇక్కడ ఏమీ మొలవదు అని రాసి వెళ్లినట్టు. ఆ తీర్మానాన్ని ఏళ్ల తరబడి ఆధారంగా చూపించారు. ఆ ఏళ్లలోనే మా పెద్దాయన ఓడెక్కారు.

మీసోథీలియోమాకు పీచు లోపలికి వెళ్లాక జబ్బు బయటపడేదాకా మామూలుగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. 1960లో దక్షిణాఫ్రికా నుంచి వాగ్నర్, ఆయన సహచరులు నీలి ఆస్బెస్టాస్ గనుల ప్రాంతంలో 33 కేసులు ప్రచురించాక ప్రపంచం ఉలిక్కిపడింది. 1964లో న్యూయార్క్‌లో మౌంట్ సైనాయ్ డాక్టర్ అర్వింగ్ సెలికాఫ్ ఇన్సులేషన్ కార్మికుల మరణాల లెక్కలు బయటపెట్టాడు. అప్పటికి రెండో ప్రపంచయుద్ధపు యార్డుల్లో పనిచేసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. పీచు అప్పటికే వాళ్ల లోపలికి వెళ్లిపోయింది.

హోదాకి కూడా ఇందులో మినహాయింపు లేదు. 1970 నుంచి 74 దాకా నౌకాదళానికే అధిపతిగా ఉన్న అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ 2000 జనవరి 2న మీసోథీలియోమాతోనే పోయారు. వియత్నాంలో ఏజెంట్ ఆరెంజ్ అనే, చెట్ల ఆకులు రాల్చే రసాయనాన్ని చల్లమని ఆదేశించిన అధికారి ఆయన. అక్కడే పనిచేసిన కొడుకు 1988లో క్యాన్సర్‌తో పోయాడు, దానికి ఆ రసాయనమే కారణమని ఆ కుటుంబం నమ్మింది. కొడుకు పోయాక ఆ తండ్రి మాజీ సైనికుల పరిహారం కోసం గట్టిగా పోరాడాడు. చివరికి తన ప్రాణం తీసింది మాత్రం రాతినార.

జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో ఏటా సుమారు మూడు వేల మందికి వస్తుంది, ఎక్కువగా ఊపిరితిత్తి పొరకి, కొందరికి కడుపు పొరకి. 2020లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు మందులు కలిపి ఇవ్వడానికి అనుమతి వచ్చింది. సగటు ఆయుర్దాయం పద్నాలుగు నెలల నుంచి పద్దెనిమిదికి పెరిగింది. ఆ నాలుగు నెలలు చిన్నవి కావు. కాని క్లెయిమ్ కాగితాలు తిరగడానికే నెలలు పట్టే చోట, ఆ లెక్క వేరుగా కనిపిస్తుంది. అందుకే బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే కాగితాలు మొదలుపెట్టాలంటాను.

పొగతాగడం గురించి ఒక్క మాట. మీసోథీలియోమాకు సిగరెట్టుతో సంబంధం లేదు. కాని ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి అలా కాదు. 1979లో సెలికాఫ్ బృందం ఇచ్చిన లెక్క మీరంతా చదివే ఉంటారు: ఆస్బెస్టాస్ ఒక్కటే అయితే ముప్పు అయిదు రెట్లు, సిగరెట్టు ఒక్కటే అయితే పదకొండు రెట్లు, రెండూ కలిస్తే యాభై మూడు రెట్లు. అందుకని "నేను తాగేవాణ్ని కదా, ఇది నా పాపమే" అని తల వంచుకునే పేషెంటుతో మనం అవునని తలూపకూడదు. 1998 జూన్ 9 తర్వాత వేసిన క్లెయిముల్లో పొగాకు ఒక్కటే కారణంగా చూపితే వీఏ ఒప్పుకోదు, నిజమే. కాని ఆస్బెస్టాస్ కారణమని డాక్టరు చెప్పగలిగితే, సిగరెట్టు తాగాడన్న ఒక్క కారణంతో ఆ క్లెయిమ్ పోదు.

ఇప్పుడు పరిహారం సంగతి. చాలామంది పేషెంట్లు "దేశం మీద కేసు వెయ్యను డాక్టర్" అంటారు. ఆ మాటలో గౌరవం ఉంది, దాన్ని కించపరచకండి. కాని వాళ్లకి తెలియంది ఏమిటంటే, దేశం మీద కేసు వెయ్యాలన్నా వెయ్యలేరు. 1950లో ఫెరెస్ కేసులో సుప్రీంకోర్టు, సైనిక సేవలో భాగంగా జరిగిన హానికి సైనికుడు ప్రభుత్వం మీద దావా వెయ్యకూడదని తేల్చింది. వీఏ పరిహారం దావా కాదు. సేవ చేసినందుకు చట్టం ప్రకారం రావలసింది. ఈ తేడా చెప్పిన రోజున సంతకం పెట్టిన మనుషుల్ని నేను చూశాను.

వీఏ దగ్గర కావలసినవి మూడు. జబ్బు నిర్ధారణ. సేవలో ఉండగా ఆస్బెస్టాస్ తగిలిందనడానికి ఆధారం. ఈ రెంటినీ ముడివేసే డాక్టరు అభిప్రాయం. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టంతో అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయని చాలామంది అనుకుంటున్నారు. అది ముఖ్యంగా బర్న్ పిట్లకి (సైనిక స్థావరాల్లో చెత్త కాల్చిన గుంతలు), ఏజెంట్ ఆరెంజ్‌కి, రేడియేషన్‌కి సంబంధించింది. ఆస్బెస్టాస్ తగిలింది కాబట్టి జబ్బు దానివల్లే అని వీఏ తనంతట తాను అనుకోదు. ఒక్కొక్కరూ విడిగా చూపించుకోవాలి. రెండో దానికి కొంత వెసులుబాటు ఉంది. ఏ పని చేసినవాళ్లకి ఆస్బెస్టాస్ తగిలే అవకాశం ఎంత అన్న పట్టిక వీఏ దగ్గరే ఉంది. బాయిలర్ పని, మెషినిస్ట్ పని లాంటివి అందులో పై మెట్టులో ఉంటాయి. కాబట్టి పని పేరు సరిగ్గా పడితే సగం బరువు దిగిపోతుంది.

మూడోది మన చేతిలోది. చట్టం కోరేది నూటికి నూరుపాళ్ల నిశ్చయం కాదు. "ఎట్ లీస్ట్ యాజ్ లైక్లీ యాజ్ నాట్", అంటే సైన్యంలో తగిలిన ఆస్బెస్టాస్ వల్ల ఈ జబ్బు వచ్చే అవకాశం సగమో, సగం కంటే ఎక్కువో ఉంది. అంతే. తక్కెడ రెండు వైపులా సమానంగా తూగితే మొగ్గు సైనికుడి వైపే ఉండాలని చట్టంలోనే రాసి ఉంది. మన చదువు మనకు అనుమానం నేర్పింది. "అలా గట్టిగా రాస్తే ఎలా" అని చెయ్యి వెనక్కి లాగుతుంది. నాలుగేళ్లు బాయిలర్ గదిలో గాస్కెట్లు గీకిన మనిషికి మీసోథీలియోమా వస్తే అవకాశం సగానికి తక్కువని మనలో ఎవరైనా అనగలరా? అనలేనప్పుడు ఆ మాట రాయడానికి వెనకాడటం జాగ్రత్త అనిపించుకోదు. ఓడ పేరు, గది, పని, ఎన్నేళ్లు, తర్వాతి ఉద్యోగాల్లో ఆస్బెస్టాస్ తగిలిందా లేదా, బయాప్సీలో ఏం వచ్చింది, ఎందుకు ఈ అభిప్రాయానికి వచ్చాను. ఇవి ఒక పేజీలో పడతాయి. నేనిప్పుడు పావుగంటలో రాస్తున్నాను.

అది కుదిరితే ఏం వస్తుంది? క్యాన్సర్ చురుగ్గా ఉన్నంతకాలం, వైద్యం ఆపాక ఆరు నెలల దాకా, వంద శాతం వైకల్యం కింద లెక్క. 2025 రేటు ప్రకారం ఒంటరి మనిషికి నెలకు 3,831 డాలర్లు, భార్య ఉంటే ఇంకొంచెం. పన్ను లేదు. మంచం పట్టి ఇంకొకరి సాయం లేనిదే గడవకపోతే దానికి అదనం ఉంది. ఆ జబ్బుతోనే పోతే భార్యకో భర్తకో అదే 2025 రేటు ప్రకారం డీఐసీ పేరుతో నెలకు 1,653 డాలర్లు. లెక్కలోకి రాని సొమ్మేమీ కాదిది, ఒక ముసలావిడ ఇల్లు అమ్ముకోకుండా బతకగలిగే సొమ్ము.

క్లెయిమ్ ఫారం 21-526ఈజెడ్. కాగితాలన్నీ దొరికేదాకా ఆగకుండా ముందు "ఇంటెంట్ టు ఫైల్", అంటే క్లెయిమ్ వేయబోతున్నామన్న కాగితం, వెయ్యించండి, ఆ తేదీ ఏడాదిపాటు నిలుస్తుంది. ప్రాణాంతక జబ్బని 20-10207 ఫారం జతచేస్తే ఫైలు ముందుకు కదులుతుంది. మధ్యలో ఆయన పోతే, ఏడాదిలోపు భార్య ఆ క్లెయిమ్‌ని తన పేర కొనసాగించమని అడగొచ్చు. ఇది తెలియక వదిలేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంకొకటి, చాలామంది డాక్టర్లకే తెలియదు. పేషెంటుది మీసోథీలియోమా కాక ఊపిరితిత్తుల క్యాన్సర్ అయి, వియత్నాంలో పనిచేసి ఉంటే, ఆస్బెస్టాస్ దారి కంటే ఏజెంట్ ఆరెంజ్ దారి సుళువు. దానికి కారణం నిరూపించక్కర్లేదు. నేల మీద అడుగు పెట్టకపోయినా, వియత్నాం తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల ఓడలో ఉంటే చాలని 2019లో వచ్చిన బ్లూ వాటర్ నేవీ చట్టం చెప్పింది. ఇంతకు ముందు వీఏ కాదని తిప్పిపంపినవాళ్లు మళ్లీ వెయ్యొచ్చు.

వీఏ బయట ఇంకో వైపు ఉంది. ఆ సరుకు తయారుచేసిన కంపెనీలు. జాన్స్-మాన్‌విల్ 1982లో దివాలా పిటిషన్ వేసింది, బాధితులకు పరిహారం ఇచ్చే దాని ట్రస్టు 1988లో మొదలైంది. తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. ఒక ప్రభుత్వ నివేదిక ప్రకారం 1988 నుంచి 2010 దాకా ఈ ట్రస్టులు 33 లక్షల క్లెయిములకు 1,750 కోట్ల డాలర్లు ఇచ్చాయి. కోర్టుకు వెళ్లక్కర్లేదు, కాని ఏ కంపెనీ సరుకు ఎక్కడ తగిలిందో చూపించాలి. చాలా ట్రస్టులు లెక్కగట్టిన మొత్తంలో కొంత శాతమే చేతికిస్తాయి, అది ముందే చెప్పి ఉంచండి. దివాలా తియ్యని కంపెనీల మీద దావా వెయ్యొచ్చు. 2019లో డెవ్రీస్ కేసులో సుప్రీంకోర్టు, మేం ఇనుము మాత్రమే అమ్మాం, ఆస్బెస్టాస్ నేవీయే తగిలించుకుంది అన్న పంపులు, టర్బైన్ల కంపెనీల వాదనను ఆరుగురు ముగ్గురు తేడాతో కొట్టేసింది. ఆస్బెస్టాస్ లేనిదే ఆ యంత్రం పనిచెయ్యదని తెలిసినప్పుడు హెచ్చరించే బాధ్యత వాళ్లదే. గడువులు రాష్ట్రాన్నిబట్టి మారతాయి. కొన్నిచోట్ల జబ్బు తెలిసిన ఏడాదికే అయిపోతుంది.

ట్రస్టు డబ్బు వచ్చినా వీఏ వైకల్య పరిహారం తగ్గదు. ఆదాయాన్ని చూసి ఇచ్చే వీఏ పెన్షన్ మాత్రం వేరు, దానికి లెక్కలోకి వస్తుంది. ఇక వీఏ మొదటి క్లెయిమ్ వేసిపెట్టడానికి ఎవరూ డబ్బు తీసుకోకూడదు. లాయర్లు కూడా. అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ, డీఏవీ లాంటి మాజీ సైనికుల సంఘాల్లో గుర్తింపు పొందిన సేవాధికారులు ఉచితంగా చేసిపెడతారు. భయంలో ఉన్న మనిషి దగ్గర, మీకొచ్చేదాంట్లో ఇంత మాకివ్వండి అని ముందే సంతకం తీసుకునేవాళ్లని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. మీ వెయిటింగ్ రూములో ఆ సేవాధికారి నంబరు కాగితం ఒకటి అంటించండి చాలు.

(సభలోంచి ఒక నర్సు ప్రశ్న: "డాక్టర్ గారూ, మా పేషెంటుకి మతిమరుపు. ఓడ పేరు కూడా చెప్పలేకపోతున్నారు. అలాంటప్పుడు ఏ గది, ఏ పని అని ఎవర్ని అడగాలి?")

మంచి ప్రశ్న అడిగారమ్మా. ముందు డీడీ 214, అంటే సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సర్వీసు కాగితం, చూడండి, లేకపోతే సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రానికి రాయించండి. 1973 జులైలో అక్కడ మంటలు లేచి కోటిన్నరకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. కాని అవి ఆర్మీవి, ఎయిర్‌ఫోర్స్‌వి. నేవీ ఫైళ్లు మిగిలాయి. ఓడ ఎప్పుడు ఎక్కడుందో చెప్పే డెక్ లాగులు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కలిసి పనిచేసినవాళ్లు ఎవరైనా బతికుంటే వాళ్ల వాంగ్మూలం చెల్లుతుంది, భార్య చెప్పిందీ చెల్లుతుంది.

ఇవేవీ లేకపోతే ఇంట్లో పాత ఫొటోలు తెప్పించండి. మా దగ్గరికి ఒకావిడ ఇలాగే వచ్చారు, భర్తకు తన పేరే గుర్తులేదు. పెళ్లినాటి ఫొటో పట్టుకొచ్చారు, యూనిఫాంలో ఉన్నాడాయన. భూతద్దం పెట్టి చూస్తే ఎడమ చేతి మీద మూడు రెక్కల ప్రొపెల్లర్ బొమ్మ. అది మెషినిస్ట్ మేట్ గుర్తు. అంటే ఇంజన్ గది. ఫొటో వెనక పెన్సిలుతో ఓడ పేరు, సంవత్సరం ఆవిడే రాసిపెట్టుకున్నారు, యాభై ఏళ్ల కింద. మేం ఆ ఫొటోకి రెండు వైపులా కాపీ తీసి, ఉత్తరానికి జతచేసి పంపాం.